నల్ల తెర మీద నుంచి వైఫై: లినక్స్ కమాండ్లతో తాళం వేసిన నెట్‌వర్క్‌కు చేరడం ఎలా

గుణుపురంలో చదువుకుంటున్న మా మేనల్లుడికి నా పాత ల్యాప్‌టాప్ ఇచ్చాను. దానికి ఉన్నది 2 జీబీ ర్యామ్. కిటికీలు, బొమ్మలు ఉన్న డెస్క్‌టాప్‌ను అది మోయలేదని డెబియన్ అనే లినక్స్ రకం మాత్రమే వేసి, అక్షరాలు కొట్టి నడిపే నల్ల తెరతో, అంటే కమాండ్ లైన్‌తో సరిపెట్టాను. నేనుండేది పర్లాకిమిడిలో. ల్యాప్‌టాప్ రైలెక్కి గుణుపురం చేరిన రాత్రే ఫోను వచ్చింది. “మావయ్యా, ఇందులో వైఫై గుర్తే లేదు. ఎక్కడ నొక్కాలి?”

నొక్కడానికి ఏమీ లేదు, కొట్టాలి. గంటన్నర సేపు ఒక్కో అక్షరం ఫోనులో చెప్పి కలిపించాను. అందులో అరగంట నా తప్పు వల్ల పోయింది, మిగతాది ఒక్క మాట వల్ల. ఏమైందని అడిగినప్పుడల్లా వాడు “ఎర్రర్ వచ్చింది” అనేవాడు. ఆ ఎర్రర్‌లో ఏముందో ఉన్నది ఉన్నట్టు చదవమనడానికి నాకు గంట పట్టింది. చదివించాక పని అయిదు నిమిషాల్లో అయిపోయింది. లినక్స్‌లో వైఫై కుదరనప్పుడు అందరం ముందు పాస్‌వర్డ్‌నే అనుమానిస్తాం. నిజానికి చూడాల్సినవి మూడు, వరసలో. ల్యాప్‌టాప్‌లోని వైఫై కార్డు మేలుకుని ఉందా? రౌటర్ తాళం తీసిందా? తీశాక మన యంత్రానికి నెట్‌వర్క్ చిరునామా (ఐపీ) ఇచ్చిందా? ఎక్కడ ఆగిందో యంత్రం తనంతట తానే చెబుతుంది. అది చెప్పేది చదివితే చాలు.

ముందుగా ఒక ఒప్పందం. కమాండ్లను ఇక్కడ మేనల్లుడికి ఫోనులో చెప్పినట్టే తెలుగులో రాస్తున్నాను. మీరు వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. పెద్ద అక్షరం కావాల్సిన చోట ఆ సంగతి విడిగా చెబుతాను. అక్షరాల మధ్య చిన్న గీత కనిపిస్తే అవన్నీ కలిపి, ఖాళీ లేకుండా కొట్టాలి. గీతనే కొట్టాల్సిన చోట ‘డాష్’ అని రాశాను. మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదలాలి. వాడుక భాషలోనే రాయాలని గిడుగు రామమూర్తి పంతులు పట్టుబట్టింది మా ఊళ్లో ఉన్న కాలంలోనే కాబట్టి, నోటితో చెప్పినట్టు కమాండ్లు రాయడం మాకు కొత్తేమీ కాదు.

కార్డు మేలుకుని ఉందా

మొదటి కమాండ్ చిన్నది:

ఐ-పి లింక్

తెర మీద రెండు మూడు వరసలు వస్తాయి. ‘ఎల్-ఓ’ అన్నది యంత్రం తనతో తాను మాట్లాడుకునే దారి, దాన్ని వదిలేయండి. ‘ఈ-ఎన్’తో మొదలయ్యేది తీగతో కలిపే నెట్‌వర్క్. మనకు కావలసింది ‘డబ్ల్యూ-ఎల్’తో మొదలయ్యే పేరు. పాత యంత్రాల్లో అది డబ్ల్యూ-ఎల్-ఎ-ఎన్-0 అని ఉంటుంది. కొత్తవాటిలో డబ్ల్యూ-ఎల్-పి-2-ఎస్-0 లాంటి పేరు కనిపిస్తుంది. అర్థం లేని గజిబిజి కాదది. వైర్‌లెస్ కార్డు, రెండో పీసీఐ బస్సు, సున్నా నంబరు స్లాటు అని కార్డు కూర్చున్న చోటును చెబుతుంది. మీ పేరును కాగితం మీద రాసి పెట్టుకోండి. ఇక నుంచి నేను ‘కార్డు పేరు’ అన్న చోటల్లా దాన్నే కొట్టాలి.

అలాంటి పేరే లేకపోతే కార్డుకు ఫర్మ్‌వేర్ అందలేదని అనుమానించాలి. కార్డులో నడిచే చిన్న ప్రోగ్రాము అది. యంత్రం లేచినప్పుడల్లా లినక్స్ దాన్ని కార్డులోకి ఎక్కించాలి. కొన్ని కంపెనీలు దాని మూలం బయటపెట్టవు కాబట్టి డెబియన్ వాళ్లు చాలా ఏళ్లు దాన్ని ఇన్‌స్టాల్ డిస్కులో కలపలేదు. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి కలుపుతున్నారు. అంతకు ముందుది వేసుకున్నవారు విడిగా తెచ్చుకోవాలి. ఇంటర్నెట్ కోసం ఫర్మ్‌వేర్ కావాలి, ఫర్మ్‌వేర్ కోసం ఇంటర్నెట్ కావాలి. ఈ చిక్కుకు మందు మీ జేబులోనే ఉంది. ఆండ్రాయిడ్ ఫోనును చార్జింగ్ తీగతో ల్యాప్‌టాప్‌కు కలిపి, ఫోను సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ల్యాప్‌టాప్‌కు ఫోను ఒక తీగ నెట్‌వర్క్‌లా కనిపిస్తుంది, డ్రైవర్ల గొడవ దాదాపు ఉండదు. తీగ మాత్రం మంచిది చూసుకోండి. చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే తీగలు చాలా ఉన్నాయి, వాటిలో డేటా పోదు.

పేరు కనిపించినా కార్డు నిద్రలో ఉండవచ్చు. చూడడానికి:

సుడో ఆర్-ఎఫ్-కిల్ లిస్ట్

‘సాఫ్ట్ బ్లాక్డ్’ ఎదురుగా ‘ఎస్’ (వై-ఈ-ఎస్) అని ఉంటే సాఫ్ట్‌వేర్ ఆపిందని అర్థం. ఇలా లేపాలి:

సుడో ఆర్-ఎఫ్-కిల్ అన్‌బ్లాక్ వైఫై

‘సుడో’ అంటే ఎస్-యు-డి-ఓ. పెద్ద అధికారంతో చేయమని చెప్పడం. అది మీ పాస్‌వర్డ్ అడుగుతుంది. కొట్టేటప్పుడు తెర మీద చుక్కలు కూడా పడవు. కీబోర్డు పాడైందని మా వాడు ఇక్కడే కంగారుపడ్డాడు. ‘హార్డ్ బ్లాక్డ్’ ఎదురుగా ‘ఎస్’ ఉంటే ఏ కమాండూ పనిచేయదు. ల్యాప్‌టాప్ పక్కన ఎక్కడో చిన్న మీట ఉంటుంది, లేదా పై వరసలో ఏరోప్లేన్ బొమ్మ ఉన్న కీ ఉంటుంది. వెతికి నొక్కండి.

పెత్తనం ఎవరిది

లినక్స్‌లో వైఫైని నడిపే ప్రోగ్రాములు ఒకటికి మించి ఉన్నాయి. ఎక్కువ చోట్ల ఉండేది నెట్‌వర్క్‌మేనేజర్. కొన్నిచోట్ల ఐ-డబ్ల్యూ-డి ఉంటుంది. వెనకాల తాళం పని చూసేది చాలాసార్లు డబ్ల్యూపీఏ సప్లికెంట్. ఒకే కార్డు మీద ఇద్దరు పెత్తందార్లు కూర్చుంటే కలిసిన నెట్ క్షణంలో తెగిపోతూ ఉంటుంది. కాబట్టి మొదట తెలుసుకోవలసింది:

ఎన్-ఎమ్-సి-ఎల్-ఐ డివైస్

ఇది నెట్‌వర్క్‌మేనేజర్‌తో మాట్లాడే కమాండ్. మీ కార్డు పేరు ఎదురుగా ‘డిస్కనెక్టెడ్’ అని ఉంటే సంతోషించండి, అంతా సిద్ధం. ‘అన్‌మేనేజ్డ్’ అని ఉంటే ఆ కార్డును వేరెవరో పట్టుకుని కూర్చున్నారని అర్థం. నా అరగంట తప్పు ఇదే. పర్లాకిమిడిలో డెబియన్ ఇన్‌స్టాల్ చేసినప్పుడు మా ఇంటి వైఫై వాడుకున్నాను. ఇన్‌స్టాలర్ ఆ వివరాలను ఒక పాత పద్ధతి ఫైల్లో రాసిపెట్టింది. తర్వాత నేను నెట్‌వర్క్‌మేనేజర్ వేసినా, ఆ ఫైల్లో పేరున్న కార్డును అది తాకదు. మర్యాదస్థురాలు. గుణుపురం హాస్టల్లో కూర్చుని ఆ ల్యాప్‌టాప్ మా ఇంటి రౌటర్ కోసం ఎదురుచూస్తూ ఉంది.

ఆ ఫైలును ఇలా తెరవాలి:

సుడో నానో స్లాష్ ఈ-టి-సి స్లాష్ నెట్‌వర్క్ స్లాష్ ఇంటర్‌ఫేసెస్

స్లాష్‌కు ముందూ వెనకా ఖాళీ ఉండకూడదు, నానో తర్వాత ఉన్నదంతా ఒకే మాట. లోపల మీ కార్డు పేరుతో మొదలయ్యే వరసలు, వాటి కింద వైఫై పేరు, పాస్‌వర్డ్ కనిపిస్తాయి. ప్రతి వరస మొదట్లో హ్యాష్ గుర్తు పెట్టండి. చెరిపేయకండి, రేపు చూసుకోవాలంటే ఉంటుంది. ‘ఎల్-ఓ’ వరసలను ముట్టుకోకండి. కంట్రోల్ పట్టుకుని ఓ, తర్వాత ఎంటర్, కంట్రోల్ పట్టుకుని ఎక్స్. అప్పుడు:

సుడో సిస్టమ్-సి-టి-ఎల్ రీస్టార్ట్ నెట్‌వర్క్‌మేనేజర్

ఇక్కడ నెట్‌వర్క్‌లోని ఎన్, మేనేజర్‌లోని ఎమ్ పెద్ద అక్షరాలు, రెండు మాటలూ కలిపి కొట్టాలి. ఆ పాత పట్టు వెంటనే వదలకపోతే యంత్రాన్ని ఒకసారి ఆపి మళ్లీ వేయండి. ఎన్-ఎమ్-సి-ఎల్-ఐ అన్న కమాండే లేదని తెర చెబితే, కిందికి వెళ్లి ‘నెట్‌వర్క్‌మేనేజర్ లేని చోట’ అన్న భాగం చూడండి.

చుట్టుపక్కల ఏమున్నాయి

ఎన్-ఎమ్-సి-ఎల్-ఐ డివైస్ వైఫై లిస్ట్

పట్టిక వస్తుంది. పట్టిక పొడుగైతే తెర అక్కడే ఆగిపోయినట్టు ఉంటుంది. బయటికి రావడానికి క్యూ నొక్కండి. ఇందులో నాలుగు గడులు చూస్తే చాలు. నెట్‌వర్క్ పేరు, దాని ముందున్న పన్నెండు అంకెల చిరునామా (ఎ నుంచి ఎఫ్ దాకా అక్షరాలూ ఇందులో అంకెల లెక్కే), సిగ్నల్ బలం, చివర్లో తాళం రకం. తాళం గడిలో డబ్ల్యూపీఏ2 అని ఉంటే అది 2004 నుంచి వాడుకలో ఉన్న పద్ధతి. దాదాపు అన్ని కార్డులకూ వచ్చు. డబ్ల్యూపీఏ3 ఒక్కటే ఉంటే పాత కార్డు చేరలేకపోవచ్చు. రౌటర్ మీదే అయితే రెండూ కలిసిన పద్ధతికి మార్చండి. డబ్ల్యూఈపీ అని కనిపిస్తే ఆ రౌటర్ యజమానికి చెప్పండి, ఆ తాళం 2001లోనే విరిగిపోయింది.

పేరు దగ్గర మా సరిహద్దు జిల్లాల్లో ఒక ప్రత్యేకమైన తలనొప్పి ఉంది. మా ఊరి పేరునే చూడండి. తెలుగువాళ్లం పర్లాకిమిడి అంటాం, ఒడియాలో పారళాఖెముండి అంటారు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు ‘కి’ దగ్గర ఒకరు ఐ పెడతారు, ఒకరు ఈ, ‘ఖె’ అనేవారు హెచ్ కూడా చేరుస్తారు. మనుషులకు అన్నీ ఒకటే, ల్యాప్‌టాప్‌కు ఒక్క అక్షరం తేడా వస్తే వేరే ఊరు. పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా కూడా లెక్కే. రౌటర్ యజమాని నోటితో చెప్పిన పేరును నమ్మకండి, పట్టికలో ఉన్నదాన్ని చూసి కొట్టండి.

కొందరు పేరును ఒడియాలోనో తెలుగులోనో పెడతారు. నల్ల తెరకు మన లిపులు రావు, డబ్బాలో ప్రశ్నగుర్తులో కనిపిస్తాయి. అలాంటప్పుడు పేరు బదులు పక్కనున్న పన్నెండు అంకెల చిరునామాను కొట్టినా సరిపోతుంది. రెండేసి అంకెలకు మధ్య కోలన్ పెట్టాలి. ఒకే పేరుతో రెండు రౌటర్లు ఉన్నప్పుడు దగ్గరున్నదాన్ని ఎంచుకోవడానికీ ఇదే దారి.

మీ నెట్‌వర్క్ పట్టికలో లేకపోయినా ఫోనుకు అందుతోందా? రెండు కారణాలు ఉండవచ్చు. ఒకటి, అది 5 గిగాహెర్ట్జ్ మీద ఉండి మీ పాత కార్డుకు 2.4 మాత్రమే వచ్చి ఉంటుంది. రెండోది దేశం సెట్టింగు. 2.4లో మన దేశంలో 13 చానళ్లు వాడతారు, అమెరికా లెక్క 11 దగ్గర ఆగుతుంది. కార్డు తాను అమెరికాలో ఉన్నాననుకుంటే 13వ చానల్లోని రౌటర్ దానికి కనబడదు. ‘సుడో ఐ-డబ్ల్యూ రెగ్ గెట్’ అని అడిగితే ఏ దేశం అనుకుంటోందో చెబుతుంది. మార్చడానికి ‘సుడో ఐ-డబ్ల్యూ రెగ్ సెట్ ఐ-ఎన్’. చివరి ఐ, ఎన్ రెండూ పెద్ద అక్షరాలు.

తాళం తీయడం

అసలు కమాండ్ ఇది:

సుడో ఎన్-ఎమ్-సి-ఎల్-ఐ డాష్ డాష్ ఆస్క్ డివైస్ వైఫై కనెక్ట్ “నెట్‌వర్క్ పేరు”

రెండు డాష్‌లూ ‘ఆస్క్’ అన్న మాటా కలిపి కొట్టాలి. పేరులో ఖాళీ ఉంటే కొటేషన్ గుర్తులు తప్పనిసరి. ఎంటర్ నొక్కగానే పాస్‌వర్డ్ అడుగుతుంది. చాలామంది ‘ఆస్క్’ వదిలేసి పాస్‌వర్డ్‌ను కమాండ్ చివర్లోనే రాసే పద్ధతి నేర్పుతారు. అది కూడా పనిచేస్తుంది. కానీ మీరు కొట్టిన ప్రతి కమాండ్ మీ చరిత్ర ఫైల్లో నిలిచిపోతుంది. పై బాణం నొక్కుతూ పోయిన వాడికి ఎవరికైనా మీ వైఫై పాస్‌వర్డ్ కనిపిస్తుంది. నలుగురు ఒకే ల్యాప్‌టాప్ వాడే హాస్టల్ గదిలో ఆ పద్ధతి వద్దు.

పాస్‌వర్డ్ కొట్టాక కాసేపు ఏమీ జరగదు. ఆ కాసేపట్లో జరిగేది తెలిస్తే ఎర్రర్లు అర్థమవుతాయి. మీ పాస్‌వర్డ్ గాలిలో పోదు. ల్యాప్‌టాప్ ఆ పాస్‌వర్డ్‌నూ నెట్‌వర్క్ పేరునూ కలిపి 4096 సార్లు రుబ్బి, 256 బిట్ల కీ తయారు చేస్తుంది. అదే పిండి రౌటర్ దగ్గర కూడా ఉంటుంది. ఇద్దరూ చెరొక యాదృచ్ఛిక సంఖ్య చెప్పుకుని, నాలుగు ఉత్తరాలు మార్చుకుని, కీ నోట చెప్పకుండానే ‘నీ దగ్గర ఉన్నదీ నా దగ్గర ఉన్నదీ ఒకటే’ అని తేల్చుకుంటారు. పాస్‌వర్డ్ తప్పయితే ఈ ఉత్తరాల దగ్గర ఆగిపోతుంది. అంటే ల్యాప్‌టాప్ అప్పటికే రౌటర్ గడప దాకా వెళ్లింది. కార్డుది, సిగ్నల్‌దీ తప్పు కాదు.

ఇప్పుడు తెర చెప్పే మాటలు. ‘సీక్రెట్స్ వర్ రిక్వైర్డ్’ అని వస్తే చాలాసార్లు పాస్‌వర్డ్ తప్పని అర్థం. ‘నో నెట్‌వర్క్ విత్ ఎస్ఎస్ఐడీ’ అంటే పేరు తప్పు కొట్టారు, లేదా రౌటర్ దూరంగా ఉంది. ‘నో వైఫై డివైస్ ఫౌండ్’ అంటే మొదటి మెట్టుకు వెనక్కి వెళ్లండి. ‘ఐపీ కాన్ఫిగరేషన్ కుడ్ నాట్ బి రిజర్వ్డ్’ అంటే తాళం తీసింది, పాస్‌వర్డ్ సరైనదే, రౌటర్ చిరునామా మాత్రం ఇవ్వలేదు. ఈ నాలుగూ వేరు వేరు ఇళ్ల కథలు. అన్నిటికీ పాస్‌వర్డ్ మార్చి మార్చి కొడితే రాత్రి తెల్లవారుతుంది.

మా వాడికి వచ్చింది మొదటిది. “పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టాను మావయ్యా, చీటీ చూసే కొట్టాను.” చీటీ అంటే రౌటర్ వెనక అంటించిన కాగితం. “ఒక్కో అక్షరం చదువు” అన్నాను. చదివాడు. మధ్యలో “సున్నా” అన్నాడు. “చీటీలో ఇంకెక్కడైనా సున్నా ఉందా? రెండూ పోల్చి చూడు.” కాసేపు ఆగి, “ఇది కొంచెం లావుగా ఉంది” అన్నాడు. ఆ లావుగా ఉన్నది ఓ అక్షరం. అంతే, మరుక్షణం ‘సక్సెస్‌ఫుల్లీ యాక్టివేటెడ్’ అని వచ్చింది.

అందుకని ఫోనులో పాస్‌వర్డ్ చెప్పేటప్పుడు నాదొక పద్ధతి ఉంది. అంకెలను తెలుగులో చెబుతాను, అక్షరాలను ఇంగ్లీషు పేర్లతో చెబుతాను. ‘సున్నా’ అంటే అంకె, ‘ఓ’ అంటే అక్షరం. ‘ఒకటి’ అంటే అంకె, ‘ఎల్’ అంటే అక్షరం. బి, డి, పి, టి ఫోనులో అన్నీ ఒకేలా వినిపిస్తాయి కాబట్టి బరంపురం బి, ఢిల్లీ డి, పలాస పి, టెక్కలి టి అంటాను. మీ ఊళ్లతో మీరు మీ పట్టిక చేసుకోండి. పాస్‌వర్డ్ 8 అక్షరాల కంటే తక్కువ, 63 కంటే ఎక్కువ ఉండకూడదు. ఎనిమిది లేకపోతే కమాండ్ రౌటర్ దాకా కూడా వెళ్లకుండా ఇక్కడే తిప్పికొడుతుంది. ఇంకో చిన్న కిటుకు: పాస్‌వర్డ్‌లో ఎట్ గుర్తో కొటేషన్ గుర్తో ఉంటే, ముందు లాగిన్ అయిన చోట ఆ కీ నొక్కి చూడండి. కీబోర్డు బ్రిటిష్ పద్ధతిలో ఉంటే ఆ రెండూ తారుమారుగా పడతాయి.

ఒకసారి తప్పు పాస్‌వర్డ్‌తో ప్రయత్నిస్తే ఆ పేరుతో ఒక తప్పు నమోదు మిగిలిపోవచ్చు. తర్వాత సరైనది కొట్టినా పాతదే అడ్డుపడుతుంటే ‘ఎన్-ఎమ్-సి-ఎల్-ఐ కనెక్షన్ షో’ అని చూసి, ‘ఎన్-ఎమ్-సి-ఎల్-ఐ కనెక్షన్ డిలీట్ “పేరు”’ అని తుడిచి, మొదటి నుంచి కలపండి.

పేరు దాచిపెట్టిన నెట్‌వర్క్ అయితే కనెక్ట్ కమాండ్ చివర్లో ‘హిడెన్ ఎస్’ చేర్చాలి. ఎస్ అంటే వై-ఈ-ఎస్. పేరు దాచితే భద్రత వస్తుందనుకోవడం ఉత్త భ్రమ. కలిసే ప్రతి యంత్రమూ ఆ పేరును గాలిలో కేకేసి మరీ పిలుస్తుంది.

ఇవన్నీ కొట్టడం కష్టమనిపిస్తే ఎన్-ఎమ్-టి-యు-ఐ అని కొట్టండి. నీలం తెర మీద మెనూ వస్తుంది, బాణాలతో జరిపి ఎంటర్ నొక్కితే చాలు. దీన్ని ముందే చెప్పి ఉండవచ్చు. కానీ మెనూలో ఎర్రర్లు పొట్టిగా కనిపించి మాయమవుతాయి. ఫోనులో చదివి వినిపించడానికి కమాండే మేలు.

చిరునామా, ఆ తర్వాత

ఐ-పి రూట్

‘డిఫాల్ట్ వయా’ అని మొదలయ్యే వరస వస్తే రౌటర్ మీకు దారి ఇచ్చింది. ఆ మాటల తర్వాత ఉన్న అంకెలు రౌటర్ చిరునామా. ‘పింగ్ డాష్-సి 4’ అని కొట్టి ఆ అంకెలు చేర్చండి. జవాబు వస్తే ఇంటి లోపల అంతా బాగుంది. తర్వాత అలాగే 1.1.1.1కు పింగ్ చేయండి. వస్తే ఇంటర్నెట్ ఉంది. ఆఖరున డెబియన్ డాట్ ఓ-ఆర్-జి లాంటి పేరుకు పింగ్ చేయండి. అంకెలకు జవాబు వచ్చి పేరుకు రాకపోతే చిక్కు పేర్లను అంకెలుగా మార్చే డీఎన్ఎస్‌లో ఉంది, వైఫైలో కాదు.

హాస్టళ్లలో చిరునామా దగ్గర ఆగిపోవడం మామూలే. రౌటర్ దగ్గర ఇవ్వడానికి చిరునామాలు లెక్కగా ఉంటాయి, ఒక్కో పిల్లవాడికి రెండు మూడు పరికరాలు ఉంటాయి. కాసేపాగి మళ్లీ ప్రయత్నించడం, లేదా ఆ రౌటర్ చూసేవారికి చెప్పడం తప్ప మీ చేతిలో ఏమీ ఉండదు.

పాత ల్యాప్‌టాపులకు ఇంకో వింత రోగం ఉంది. వైఫై కలుస్తుంది, పింగ్ వెళుతుంది, కానీ వెబ్‌సైట్లు సర్టిఫికెట్ తప్పంటాయి. అప్పుడు ‘డేట్’ అని కొట్టి చూడండి. లోపలి చిన్న బ్యాటరీ అయిపోయిన యంత్రం ఎన్నో ఏళ్లు వెనక్కి వెళ్లి కూర్చుంటుంది. దాని లెక్కన ఆ సర్టిఫికెట్లు ఇంకా పుట్టనే లేదు. తేదీ సరిచేస్తే పోతుంది, బ్యాటరీ మార్చేదాకా మళ్లీ మళ్లీ వస్తుంది.

కలిసి, కాసేపు ఖాళీగా ఉంచితే తెగుతోందా? కార్డు కరెంటు ఆదా చేస్తూ కునుకు తీస్తోంది. దాన్ని మాన్పించడానికి ‘సుడో ఎన్-ఎమ్-సి-ఎల్-ఐ కనెక్షన్ మాడిఫై “పేరు” వైఫై డాట్ పవర్‌సేవ్ 2’. వైఫై, డాట్, పవర్‌సేవ్ మధ్య ఖాళీలు ఉండవు. 2 అంటే ఆపేయమని. ఆ తర్వాత ఒకసారి తెంచి కలపండి.

నెట్‌వర్క్‌మేనేజర్ లేని చోట

ఐ-డబ్ల్యూ-డి ఉన్న యంత్రమైతే ఐ-డబ్ల్యూ-సి-టి-ఎల్ అని కొట్టండి. లోపలికి వెళ్లాక ‘స్టేషన్’, కార్డు పేరు, ‘స్కాన్’. తర్వాత అదే వరసలో చివర ‘గెట్-డాష్-నెట్‌వర్క్స్’, ఆ తర్వాత ‘కనెక్ట్’, నెట్‌వర్క్ పేరు. పాస్‌వర్డ్ అదే అడుగుతుంది. బయటికి రావడానికి ‘ఎగ్జిట్’. ఉబుంటు సర్వర్‌లో నెట్‌ప్లాన్ అనే ఫైలు పద్ధతి ఉంటుంది. అందులో వరసల ముందు ఖాళీలే గాని ట్యాబ్ వాడకూడదు. ‘సుడో నెట్‌ప్లాన్ ట్రై’ అంటే 120 సెకన్లలోపు మీరు ఒప్పుకోకపోతే పాత స్థితికి తనంతట తానే వెళ్లిపోతుంది.

ఏ పెత్తందారూ లేకపోతే చేత్తో చేయాలి. మొదట కీ ఉన్న ఫైలు:

డబ్ల్యూ-పి-ఎ అండర్‌స్కోర్ పాస్‌ఫ్రేజ్ “నెట్‌వర్క్ పేరు” > వైఫై డాట్ సి-ఓ-ఎన్-ఎఫ్

అండర్‌స్కోర్, డాట్ రెండూ ఖాళీ లేకుండా కలపాలి. ఎంటర్ నొక్కాక తెర మౌనంగా ఉంటుంది. ఎదురుచూస్తున్నది పాస్‌వర్డ్ కోసమే. కొట్టి మళ్లీ ఎంటర్ నొక్కండి. తర్వాత ‘సి-హెచ్-మోడ్ 600 వైఫై డాట్ సి-ఓ-ఎన్-ఎఫ్’ అంటే ఆ ఫైలు ఇతరులు చదవలేరు. ఫైలును నానోలో తెరిస్తే హ్యాష్ గుర్తు వెనక మీ పాస్‌వర్డ్ మామూలు అక్షరాల్లోనే కనిపిస్తుంది. ఆ వరస చెరిపేయండి, కింద ఉన్న 64 అక్షరాల వరస చాలు. ఇక కలపడం:

సుడో డబ్ల్యూ-పి-ఎ అండర్‌స్కోర్ సప్లికెంట్ డాష్-బి డాష్-ఐ కార్డు పేరు డాష్-సి వైఫై డాట్ సి-ఓ-ఎన్-ఎఫ్

బి పెద్ద అక్షరం, దానితో ఇది వెనకాల నడుస్తుంది. బి వదిలేసి నడిపితే జరిగేదంతా తెర మీద చెబుతుంది. పాస్‌వర్డ్ తప్పయితే ‘ఫోర్ వే హ్యాండ్‌షేక్ ఫెయిల్డ్’ అంటుంది. పైన చెప్పిన నాలుగు ఉత్తరాలు అవే. తాళం తీశాక చిరునామా అడగడం కూడా మీ పనే: ‘సుడో డి-హెచ్-క్లయింట్ కార్డు పేరు’. అది లేని చోట డి-హెచ్-సి-పి-సి-డి.

స్నేహితులకు ఇవ్వాలంటే

కలిసిన తర్వాత పక్క గది వాళ్లు పాస్‌వర్డ్ అడుగుతారు. ‘సుడో ఎన్-ఎమ్-సి-ఎల్-ఐ డివైస్ వైఫై షో-డాష్-పాస్‌వర్డ్’ అని కొడితే పాస్‌వర్డ్‌తో పాటు నల్ల తెర మీదే క్యూఆర్ కోడ్ గీస్తుంది. వాళ్లు ఫోనుతో స్కాన్ చేసుకోవచ్చు. ఇవ్వవచ్చో లేదో ముందు రౌటర్ యజమానిని అడగండి.

ఇదంతా నేర్చిన ఉత్సాహంలో మా వాడు సెలవులకు వచ్చి మా ఇంటి రౌటర్ పేరును తెలుగులో ‘పర్లాకిమిడి’ అని మార్చబోయాడు. రౌటర్ ఒప్పుకోలేదు. వైఫై పేరుకు 32 బైట్లే చోటు. తెలుగులో అక్షరానికి, గుణింతానికి, పొల్లుకు మూడేసి బైట్లు. పర్లాకిమిడి రాయడానికి ఇలాంటివి పదకొండు కావాలి, అంటే 33. ఒక్క బైటు దగ్గర మా ఊరు బయట నిలబడింది. చివరికి ‘కిమిడి’ అని పెట్టాం, 18 బైట్లు. పేరు కలిపి రుబ్బిన పిండే కీ కాబట్టి, పేరు మారగానే పాస్‌వర్డ్ అదే అయినా పాత 64 అక్షరాల వరస పనికిరాదు. నల్ల తెర మీద ఆ కొత్త పేరు డబ్బాలుగా కనిపించింది. పన్నెండు అంకెల చిరునామా కొట్టి మళ్లీ కలిపాడు, ఈసారి ఫోను చేయకుండా, పక్క గదిలో నుంచి.